తల్లి కూత

అతన్ని అందరూ ఈల దర్జీ అంటారు. అతను కుట్టిన చొక్కాలను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. పెదాలు చుట్టి కౌజుపిట్ట కూత కూస్తే మాత్రం, గడ్డిలో చెదిరిన పిట్టలు తల్లే పిలిచిందనుకుని పరుగెత్తుకొస్తాయి. ఆ కూత కోసం ఏటా వేటగాళ్లు అతని గుమ్మం తొక్కుతారు. ఆ రోజుల్లో అతని కాళ్లు నేలమీద ఆనవు.

ఈసారి వసంతం తడిసి ముద్దయింది. గడ్డి నడుమెత్తు లేచింది. పొలాల్లో పిట్టల గూళ్లు కొట్టుకుపోయాయని విన్నాడు గానీ, కత్తెర ఆపి ఆలోచించలేదు. వేటకు అనుమతి మాత్రం ఏటా ఇచ్చే తేదీకే వచ్చింది.

తెల్లవారగానే బావమరిదితో మంచులోకి నడిచాడు.

"కుయ్యి బావా. మా అక్క పొయ్యి రాజేసి కూర్చుంది."

"నువ్వు నోరు మూస్తే కూస్తాను."

కూశాడు. తడిగడ్డి కొసలు వణికాయి. మంచు విడదీసుకుని వచ్చినవి ఎదిగిన పిట్టలు కావు. నూగు రాలని పిల్లలు, ఉన్ని ఉండల్లా దొర్లుకుంటూ అతని కాళ్ల దాకా వచ్చాయి. గూళ్లు పోయాక తల్లి మళ్లీ గుడ్లు పెట్టి పొదిగిందని అప్పుడు అర్థమైంది. తన గొంతుతో తన పిల్లల్ని పిలిచిందెవరో చూడాలని, ఆ తల్లీ మెడ నిక్కించి వెనకే వచ్చింది.

బావమరిది తుపాకీ ఎత్తాడు.

దర్జీ మళ్లీ కూశాడు. గద్ద నీడ పడితే తల్లి కూసే కూత అది. పిల్లలు గడ్డిలోకి ఇంకిపోయాయి. తల్లి టపటపమని మంచులో కరిగింది.

"ఇదేం కూత బావా! ఉన్నదాన్నీ తరిమేశావ్!"

నిజం చెబితే, పిల్లల కోసం తల్లి తిరిగొచ్చేదాకా వీడు ఇక్కడే కాచుకుంటాడు అనుకున్నాడు దర్జీ.

"పన్ను కదులుతోందిరా. గాలి జారింది. పద, ఇక్కడేం లేవు."

"వయసైపోయిందని చెప్పు! వచ్చే ఏడు మా అక్క నా కాళ్లు పట్టుకున్నా నిన్ను తీసుకురాను."

మధ్యాహ్నానికి మాట వీధంతా పాకింది. ప్యాంటు పొట్టి చేయించుకోను వచ్చినవాడు కూడా పన్నెలా ఉందని అడిగి నవ్వాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

"మా తమ్ముడు చెప్పేది నిజమేనా?"

"ఊఁ. కూత పోయింది."

"అయ్యో! మీకున్నది అదొక్కటే కదండీ!"

అతనికి నవ్వొచ్చింది. కళ్లూ చెమర్చాయి. బయట వాన మళ్లీ సన్నగా అందుకుంది. తల్లి రెక్కల కిందికి పిల్లలన్నీ చేరాయో లేదో అనుకుంటూ, చొక్కా చేతులు రెండూ ఒకే వైపుకి కుట్టేశాడు.