స్కేలు మాస్టారి గుణకారం

ఆ కాలేజీలో ఆయన్ని అందరూ స్కేలు మాస్టారనే అంటారు. చెప్పేది ప్రక్షేప జ్యామితి. అందులో సమాంతర రేఖలు కూడా చివరికి ఒకచోట కలిసి తీరతాయి. భార్య అదే కాలేజీలో ఆల్జీబ్రా చెబుతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆయన పంతం ఒక్కటే: ఆవిడ అక్షరాలతో చేసేదంతా తాను గీతలతోనే చేసి చూపించాలని. సగం చూపించాడు కూడా, పాపం. గీత మీది బిందువుల్నే సంఖ్యలనుకుంటే, స్కేలు ఒక్కటీ పట్టుకుని వాటిని కూడొచ్చు, గుణించొచ్చు. దానికి డెజార్గ్ సిద్ధాంతం చాలు. అటు గుణించినా ఇటు గుణించినా ఒకే బిందువు రావాలంటే మాత్రం, గీతలు ఖండించుకునే ఫలానా మూడు చుక్కలూ ఒకే గీత మీద పడతాయని చెప్పే పాపస్ సిద్ధాంతం కూడా కావాలని పుస్తకాలన్నీ ఘోషిస్తున్నాయి. మన మాస్టారు అక్కర్లేదన్నాడు.

ఒక సాయంత్రం ఆయన గీసిన బొమ్మలో రెండు గుణకారాలూ ఒకే చుక్క మీద వాలాయి. ఇంకోటి గీశాడు. అక్కడా వాలాయి. ఇంకేముంది, కాలు నేల మీద నిలవలేదు. ఫోనందుకుని ప్రిన్సిపాల్‌తో, "వచ్చే టర్ము నుంచి నా క్లాసులు ఎవరికైనా ఇచ్చేసుకోండి. నేను పుస్తకం రాయాలి," అని చెప్పేశాడు. ఆ తర్వాతే భార్యను పిలిచాడు.

ఆవిడ చేతిలో ఫోనుతో నింపాదిగా వచ్చి బొమ్మ చూసింది. "ఈ మూడు చుక్కలూ ఒకే గీత మీద ఉన్నాయని ఎలా చెప్పారండీ?"

"కళ్లు లేవా నీకు? కనిపించడం లేదూ?"

"కనిపిస్తోంది. ఆ కనిపించేదే పాపస్ సిద్ధాంతం. మన కాగితం మీద అదెప్పుడూ నిజమే, మీరెన్ని గీసినా ఇలాగే వస్తుంది. అది నిజం కాని చోటు సంగతేమిటి? అక్కడి బొమ్మ గీయడానికి కాగితం ఎక్కణ్ణించి తెస్తారు?"

మాస్టారు వద్దన్న సిద్ధాంతాన్నే పెరటి గుమ్మంలోంచి స్వయంగా లోపలికి తెచ్చుకున్నాడు. ఇదే పని ఫస్టియర్ వాళ్లు చేస్తే, సున్నా వేసి, పక్కన 'బొమ్మను నమ్మకు' అని రాసేవాడు. 'నీ తెలివి తెల్లారినట్టే ఉందిరా!' అని తనను తానే తిట్టుకున్నాడు. పరువు పోతే పోయింది, క్లాసులు పోతే ఎలా? బోర్డు ముందు నిలబడని రోజు ఆయనకి ముద్ద దిగదు. ఎటు చేసినా ఒకటేనని వాదించిన మనిషికి, చూసుకుని చెప్పడానికీ చెప్పి చూసుకోవడానికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

పొద్దున్నే ప్రిన్సిపాల్ గదిలో నీళ్లు నమిలాడు. "నిన్న ఫోన్‌లో నేనేదో... అదీ..."

ప్రిన్సిపాల్ నవ్వాపుకున్నాడు. "మీ క్లాసులు ఎవరికీ ఇవ్వలేదు మాస్టారూ. మీరు పెట్టేసిన వెంటనే మేడమ్ ఫోన్ చేశారు. 'ఆయన ముందు చెప్పేసి, తర్వాత చూసుకుంటారు. కాస్త ఆగండి' అన్నారు."

అంటే, బొమ్మ చూడకముందే! ముందు ఒళ్లు మండింది. తర్వాత, ఆవిడ కాపాడింది తన బోర్డునేనని తట్టింది. తిన్నగా క్లాసుకెళ్లి, నిన్నటి బొమ్మే బోర్డు మీద గీసి, "దీన్ని చూసి నమ్మేయకండి," అన్నాడు.

"ఎవరు నమ్ముతారు సార్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"నేనే. నమ్మి, మిమ్మల్ని కూడా వదిలేసుకున్నాను," అన్నాడు మాస్టారు. "ఆల్జీబ్రా మేడమ్ పట్టుకుంది కాబట్టి మిగిలాను."