తమ్ముడిని రాయల్పాడు శిబిరంలో దించడానికి వెళ్తే

మగపిల్లలను వారం రోజులు ఇంటికి దూరంగా ఉంచి, విజిల్ వేసి లేపి, వరుసలో నిలబెట్టే వేసవి శిబిరాలంటే నాకు మొదటినుంచీ గిట్టదు. క్రమశిక్షణ పేరుతో తల వంచడం నేర్పుతారని నేను చదివిన కరపత్రాలన్నీ చెప్పాయి. శ్రమదానం అనే మాట వినబడితే శ్రమ ఎవరిది, దానం ఎవరికి అని అడగందే నాకు ముద్ద దిగదు. అయినా మొన్న మే నెలలో అమ్మ రాయల్పాడు మామిడితోపు శిబిరంలో తమ్ముడికి చోటు ఖాయం చేసింది. దించి వచ్చే పని నా మీద పడింది. తమ్ముడికి పదకొండేళ్లు. ఇంకా అప్పుడప్పుడూ నిద్రలో పక్క తడుపుతాడు. (వాడు ఇది చదివి, పేరు పెట్టకపోతే సరే అన్నాకే ఇక్కడ రాస్తున్నాను.) "ఆ శిబిరం మేష్ట్రు చెవిలో ఒక మాట ఏసి రా నాయనా" అంది అమ్మ. నేను చెప్పదలచుకోలేదు. ఎలాంటి మనుషులో తెలియకుండా, వాడిని గేలి చేసే ఆయుధం వాళ్ల చేతికివ్వడమా? ఏ కొంచెం తేడా కనిపించినా మర్నాడు మొదటి బస్సుకే వెనక్కి తెచ్చేయాలనుకున్నాను.

కేజీఎఫ్ నుంచి నేరుగా వెళ్లే బస్సు కోసం కూర్చోకండి. మేము రాబర్ట్‌సన్‌పేటలో పొద్దున ఆరున్నరకు కోలారు బస్సెక్కి, అక్కడ శ్రీనివాసపురం మీదుగా మదనపల్లె పోయే బస్సు పట్టుకున్నాం. ఇద్దరికీ కలిపి చార్జీ మూడు వందలు దాటలేదు. రాయల్పాడుకు టికెట్ అడిగితే కండక్టర్ తమ్ముడి సంచీ వైపు చూశాడు.

"విజిలేసే మేష్ట్రు కాడికా? పంపప్పా, పిల్లోడు బాగుపడతాడు."

"ఇప్పుడు చెడిపోయింది ఏముండాది?" అన్నాను.

"వాడికేం లేదులే, నీకే కోపం జాస్తి ఉండాది" అని చిల్లర చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు.

రోడ్డు మీద దిగి కాసేపు నడిస్తే తోపు. చెట్ల కింద గుడారాలు, పక్కనే పంపుసెట్టు, దాని ముందు పెద్ద సిమెంటు తొట్టి. శిబిరం నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు. అందరూ ఆయనను మేష్ట్రు అనే పిలుస్తారు. రాగానే పిల్లల ఫోన్లన్నీ ఒక ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టాడు. నా అనుమానం మొదలైంది. మధ్యాహ్నం పిల్లలు గాలికి రాలిన మామిడికాయలు గంపలకు ఎత్తడం చూశాక అది నిజమే అనుకున్నాను. మా తాత కేజీఎఫ్ బంగారు గనిలో కాంట్రాక్టు కూలీ. ఉత్తపుణ్యానికి పని చేయించుకునేవాళ్ల కథలు వింటూ పెరిగినవాణ్ణి. వంట చేసే రత్నమ్మను నేరుగా నిలదీశాను.

"ఈ కాయలు ఎవురికి పోతాయమ్మా?"

"రేత్రి పప్పులోకి పోతాయప్పా. ఆడనించి నీ కడుపులోకి" అంది ఆమె, రాగిముద్ద కెలుకుతూ. పిల్లలు పగలబడి నవ్వారు. తమ్ముడు కూడా.

దించడానికి వచ్చినవాళ్లు మొదటి రాత్రి ఉండొచ్చన్నారు, వాడి పక్కనే పడుకున్నాను. ఇంకా వెలుగు రాకముందే విజిల్. "దుప్పట్లు!" అని మేష్ట్రు కేక. పిల్లలందరూ కప్పుకున్నవీ పరుచుకున్నవీ చుట్టుకొని వరుసలో నిలబడ్డారు. తనిఖీ అనుకున్నాను. తమ్ముడు దుప్పటిని ఉండలా చేసి పొట్టకు అదుముకున్నాడు. నాకు అర్థమైంది. రక్తం తలకెక్కింది. పరుగున వెళ్లి ఆ దుప్పటి పట్టి లాగాను.

"ఇది జైలా? ఎవురి పక్క ఎట్లుంటే మీకేమప్పా?"

వరుస మొత్తం మా వైపు తిరిగింది. "అన్నా, వదులు" అన్నాడు తమ్ముడు పళ్లు బిగించి. కళ్లలో నీళ్లు.

అప్పుడు మేష్ట్రు తన భుజం మీది చారల దుప్పటి తీసి తొట్టిలో ముంచాడు. వెనకే పిల్లలు ఒక్కొక్కరుగా వేశారు. తమ్ముడూ వేశాడు. క్షణంలో ఏది ఎవరిదో, ఏది ముందే తడిసిందో చెప్పే దారి లేకపోయింది.

"అన్నా, నీది యాడ?" అన్నాడు పక్క గుడారం పిల్లోడు. "ముంచకుంటే ఇడ్లీ లేదు!"

నాదీ తెచ్చి వేశాను. మేష్ట్రు దగ్గరికి పోయి, రోజూ ఇలాగేనా అని అడిగాను.

"రోజూనే. ఎందుకో నువ్వు చూస్తివి గదప్పా" అన్నాడాయన. "ఇంగ గట్టిగా అడగొద్దు."

తమ్ముడు అప్పటికే తొట్టిలోకి దిగి, మిగతావాళ్లతో కలిసి దుప్పట్లు తొక్కుతున్నాడు. బస్సు వేళకు పక్కకు పిలిచి, పోదామా అన్నాను. "నువ్వు పో. ఈ పొద్దు ముద్ద కెలికే వంతు మాది" అని వెనక్కి కూడా చూడకుండా పరుగెత్తాడు.

విజిల్ మీద నా అభిప్రాయం మారలేదు. ఆడపిల్లలకు ఇలాంటిది ఎందుకు పెట్టరని బయల్దేరేముందు మేష్ట్రును అడిగిన ప్రశ్నకు జవాబూ రాలేదు. మళ్లీ అడుగుతాను. కానీ అందరికీ ఒకే పని అనేది ఎప్పుడూ లొంగదీయడానికే కాదని, ఒకడిని దాచడానికి కూడా అని ఆ తొట్టి దగ్గర చూశాను. ఇంట్లో అమ్మ, నేను ఎంత రహస్యంగా దుప్పటి మార్చినా వాడు తల దించుకునే లేచేవాడు. ఆ ఉదయం తల ఎత్తుకుని అరుస్తూ నీళ్లు చిమ్మాడు. మేము ఇవ్వలేకపోయింది అదే.

మీ పిల్లవాణ్ణి పంపేటప్పుడు పలుచని నూలు దుప్పట్లు రెండు సర్దండి, ఎండకు త్వరగా ఆరుతాయి. కొత్తవి మాత్రం వద్దు. నాది సంతలో కొన్న కొత్త ఎర్ర దుప్పటి. ఆ పూట తోపులో ఆరేసిన దుప్పట్లన్నీ గులాబి రంగే.