డాగ్నీ వలలో పడిన కడలిపందులు

ఫ్యూన్ దీవి ఉత్తరపు ఒడ్డున, మా రేవులో వల వేసే ఆడమనిషి డాగ్నీ ఒక్కతే. తండ్రి పోయాక ఆయన పడవను ఆమె, తమ్ముడు ఎగోన్ కలిసి నడిపేవారు. నేను ఆ పక్కనే చేపలు పొగబెట్టే కొట్టులో పనిచేసేదాన్ని కాబట్టి ఆమె సంగతులన్నీ నా కళ్లముందు జరిగినవే.

డాల్ఫిన్ కన్నా పొట్టిగా, మొండి ముక్కుతో ఉండే జంతువు ఒకటి మా సముద్రంలో తిరుగుతుంది. కడలిపంది అంటాం. ఊపిరికి పైకి రావాల్సిన ప్రాణి. అడుగున నిలబెట్టిన వలలో చిక్కితే అక్కడే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. అలా పడ్డవాటిని మా వాళ్లు గుట్టుచప్పుడు కాకుండా నీళ్లలోకి తోసేసేవారు.

ట్రోల్స్ అనే పరిశోధకుడు వచ్చి ఆ చచ్చినవాటినే అడిగాడు.

"పారేయకండి, నాకివ్వండి. అవేం తింటున్నాయో, ఎన్నేళ్లు బతుకుతున్నాయో చూస్తాను. ఎవరి వలలో పడిందో బయటికి పొక్కనివ్వను."

"మాటేనా?" అంది డాగ్నీ.

"మాటే."

ఆమె నమ్మింది. రేవులో మిగతావాళ్లకూ తనే నచ్చజెప్పింది. "అక్కా, నీ పందుల డాక్టరు వస్తున్నాడు, కాఫీ పెట్టు," అని ఎగోన్ ఏడిపించేవాడు. ఏడిపిస్తూనే తను లాగిన వలల్లో పడ్డవీ తెచ్చిచ్చేవాడు.

ట్రోల్స్ వాటిని కోసేటప్పుడు డాగ్నీ పక్కన నిలబడేది. పంటిని పలచగా కోసి, లోపలి గీతలతో వయసు చెప్పేవాడు. ఒకసారి ఒక తల్లి దొరికింది. రొమ్ములో పాలున్నాయి, కడుపులో మరో పిల్ల ఉంది.

"ఒకదానికి పాలిస్తూనే ఇంకోదాన్ని మోస్తుంది. అందుకే పగలూ రాత్రీ తింటూనే ఉండాలి," అన్నాడు.

డాగ్నీ ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి కూర్చోలేదు. ఆ తర్వాత తను వల వేసే చోట్లన్నీ అతనికి తనే చూపించింది.

అతను వచ్చిన మూడో వసంతంలో సర్కారువాళ్లు ఊరి హాల్లో సభ పెట్టారు. గోడ మీద పటం వేశారు. కడలిపందులు వలలో పడిన చోట్లకు గుర్తుగా మా అఖాతం మీద ఎర్ర చుక్కలు పరుచుకుని ఉన్నాయి. అక్కడ ఇక వల వేయకూడదన్నారు. పటం కింద ట్రోల్స్ పేరుంది. ఒక్కో చుక్క ఎవరి చోటో హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

ఎగోన్ వెనక్కి తిరిగి అక్కను చూశాడు. "వాణ్ణి బాగా మేపావు," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

డాగ్నీ ట్రోల్స్‌ను బయట మెట్ల దగ్గర పట్టుకుంది.

"నేను పేర్లు ఇవ్వలేదు," అన్నాడు అతను, ఆమె అడగకముందే. "చోట్లు మాత్రమే."

"ఇక్కడ చోటు చెప్తే పేరు చెప్పినట్టే కదయ్యా."

"ఇంకొన్నేళ్లు ఇలాగే చస్తే అవి మిగలవు. మీరూ చూశారు."

"చూశాను. అది కాదు నేనడిగేది. మొన్న ఆదివారం మా ఇంట్లో వేయించిన చేప తిన్నావే, అప్పటికే నీకీ సంగతి తెలుసా?"

అతను తల దించుకున్నాడు. "తెలుసు."

"మళ్లీ వడ్డించమన్నావు," అంది.

పడవను ఎగోన్ అమ్మేశాడు. అక్క గుమ్మం తొక్కడం మానేశాడు. డాగ్నీ నాతో పాటు పొగకొట్టులో చేరింది. "ఆ ట్రోల్స్ చెప్పింది నిజమే. అదే మింగుడుపడటం లేదు," అంది ఒకసారి, హెర్రింగు చేపలు ఊచకు గుచ్చుతూ.

అఖాతం అవతల ఇంకా వలలు వేసే మావాళ్లు, కడలిపంది పడితే మళ్లీ నీళ్లలోకే తోసేస్తున్నారు. పోయినేడు ట్రోల్స్ కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు. జుట్టు పలచబడింది.

"ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు, డాగ్నీ. మీరొక మాట చెబితే..."

ఆమె చేతులు తుడుచుకుంది. కాగితంలో రెండు చేపలు చుట్టి, మిగతా కొనుగోలుదార్లకు ఇచ్చినట్టే అతని చేతికిచ్చింది. ఆ వెనకాల నిల్చున్నవాణ్ణి ఏం కావాలని అడిగింది.