ఎర్ర మందు సీసా

మా మేనమామ కొడుకు, నాకు బావ, మిఠాయి దాచి చీమలకి పెట్టే రకం. మాడుగుల హల్వా చేతికిస్తే ఓ ముక్క కొరికి, మిగతాది తర్వాత తింటానని బీరువా మీద పెట్టేవాడు. ఆ తర్వాత ఎప్పుడూ వచ్చేది కాదు. నాకు ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో నేను అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ నేర్పేవాడిని. బావ దేవరాపల్లి నుంచి బస్సులో కోచింగ్‌కి వచ్చి, మధ్యాహ్నాలు నా దగ్గర కూర్చునేవాడు. టీచరు ఉద్యోగానికి నాలుగోసారి చదువుతున్నాడు. మూడుసార్లూ కొద్దిలో పోయింది. వయసు లెక్కన ఇదే ఆఖరుసారి.

పిల్లలు భోజనాలకి వెళ్లాక ఇద్దరం ఒక ఆట ఆడేవాళ్లం. పాడుబడ్డ కోట కింది సొరంగంలోకి కత్తి పట్టుకుని ఒక వీరుడు దిగుతాడు. అంతస్తు అంతస్తుకీ దెయ్యాలు, నడిచే ఎముకల గూళ్లు. చచ్చిపోతే మళ్లీ మొదటినుంచే. పైగా దారులన్నీ మారిపోతాయి, నిన్న నేర్చుకున్న దారి ఇవాళ పనికిరాదు. చచ్చినవాడి సంచిలోంచి ఒక్క వస్తువు మాత్రం పైనున్న పెట్టెలో మిగులుతుంది, తర్వాత వచ్చేవాడికి.

"కార్శి తోటలాటిదిరా ఇది," అన్నాడు బావ. నరికిన చెరకు మోడు మళ్లీ చిగిర్చినట్టన్నమాట. కార్శి ఏటేటా పలచబడుతుందని, మూడో ఏడు దాటితే వాళ్ల నాన్నే దున్నించేస్తాడని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఎవరమూ ఎత్తలేదు.

ఆటలో ఎర్ర మందు సీసాలు దొరుకుతాయి. ఒకటి తాగిస్తే దెబ్బలన్నీ మానిపోతాయి. బావ తాగించేవాడు కాదు. "కింద పెద్ద దెయ్యం వత్తాది, అప్పటికుండాల," అనేవాడు. ఆ పెద్ద దెయ్యం రాకముందే ఏ ఎలుకో కరిచి వీరుడు చచ్చేవాడు, సంచిలో నాలుగు సీసాలు అలాగే ఉండేవి. నేను తిట్టేవాణ్ణి, తను నవ్వేవాడు, ఆటే కదా అని నేనూ నవ్వేసేవాణ్ణి. ఇంకాస్త గట్టిగా తిట్టవలసింది.

పరీక్ష విశాఖలో. సాయంత్రం బస్సు దిగాక, టీ కొట్టు దగ్గర చెప్పాడు. బుర్ర చురుగ్గా ఉండగానే కష్టమైనవాటి పని పడదామని, బాగా వచ్చిన ప్రశ్నలు చివరికి ఉంచుకున్నాడట. బెల్లు కొట్టేసరికి ఇరవై లెక్కలు మిగిలిపోయాయి. అన్నీ తెలిసినవే. నాకు ఏడవాలో వాణ్ణి కొట్టాలో తెలియలేదు.

ఫలితాలొచ్చిన మధ్యాహ్నం నెట్‌లో నంబరు వెతికింది నేనే. లేదు. మళ్లీ వెతికాను. లేదు. బావ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త ఆట మొదలుపెట్టాడు. పెట్టెలో కిందటివాడు వదిలిన ఎర్ర సీసా ఉంది. కొత్త వీరుడికి ఇంకా ఒక్క గీరైనా పడలేదు, మొదటి మెట్టైనా దిగలేదు. బావ ఆ సీసా వాడిచేత తాగించేశాడు.

"ఏటి బావా, ఊరికే తాగించేసేవు?" అన్నాను.

"ఇంక దాసుకోడానికి ఏటుందిరా," అన్నాడు.

తెర మీద ఏ మార్పూ లేదు. నిండుగా ఉన్న ప్రాణం నిండుగానే ఉంది, సంచి ఖాళీ అయింది. బావ లేచి దేవరాపల్లి బస్సుకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ సెంటరు మెట్లు ఎక్కలేదు. పిల్లలు భోజనాలు చేసి వచ్చేదాకా నేను ఆ కంప్యూటర్ ఆపలేకపోయాను.