పద్మనాభంగారి బుగ్గ

ప్లాస్టిక్కు మీద గీత కనబడితే అనంతపద్మనాభంగారికి అన్నం సహించేది కాదు. తిరువూరు తాలూకాఫీసులో గుమాస్తా ఉద్యోగం. జేబులో మాత్రం గరుకు కాగితాల కట్ట. వాచీ అద్దమో, రేడియో ముఖమో చేతికందితే చాలు, గీత మీద గోరు నడిపించేవారు. గోరు తట్టుకుంటే ఆరువందల నెంబరు, తట్టుకోకపోతే వెయ్యి, చివర పళ్లపొడి. నెంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన తెలియకుండా ఉండనిస్తేగా! పైగా ప్రతి కాగితాన్నీ ముందు తన బుగ్గ మీద రుద్దుకుని చూస్తేగాని నమ్మేవారు కారు.

ఆయన భార్య కామేశ్వరి పళ్లపొడి దాచుకోలేక చచ్చేది. ఒకసారి విస్సన్నపేట బస్సులో పక్కాయన కునుకు తీస్తుంటే పద్మనాభంగారు అతని చేతివాచీని తళతళలాడించేశారు. అతగాడు లేచి, ఇది తన వాచీ కాదు, ఎవరో మార్చేశారని కండక్టరుతో తగాదాకు దిగాడు.

ఒక ఆదివారం చర్చి గంట వేళకాని వేళ మోగింది. జనం మొహాలైనా కడుక్కోకుండా పూజకు పరిగెత్తారు. మధ్యాహ్నానికి గంట కొట్టే రాయప్ప వాచీ పట్టుకుని వచ్చాడు.

“అద్దం మసకేసిందండీ. ఇంకోసారి ఇలా అయితే తాడు ఇంకోళ్ళ చేతికిస్తానన్నారు ఫాదర్‌గారు. పెళ్లి కాకముందు నించీ కొడుతున్నానండి.”

మజ్జిగ తెచ్చిన కామేశ్వరి కూడా చూసింది. అద్దం మంచినీళ్ళలా ఉంది. పద్మనాభంగారు వాచీ వదిలేసి రాయప్ప కళ్ళలోకే చూస్తూ కూర్చున్నారు. తరవాత గొళ్ళేల తుప్పు వదిలించే నూట ఇరవై నెంబరు తీసి, బుగ్గకైనా ఆనించకుండా, బరబరా రుద్దేశారు. అద్దం మజ్జిగ రంగుకు తిరిగింది. మొగుడికి మతిపోయిందనుకుంది కామేశ్వరి.

ఆయన ఆ వాచీని తిన్నగా ఫాదర్‌గారి దగ్గరికి తీసుకెళ్ళి టైమెంతో చూడమన్నారు. ఫాదర్‌గారు ఎంత తిప్పి చూసినా ముల్లు కనబడలేదు. పాపం, తప్పు వాచీదేనని ఒప్పుకున్నారు. దీనికి తగిన కాగితం బెజవాడలోనే దొరుకుతుందని, రాయప్ప కూడా రావాలని పద్మనాభంగారు తేల్చారు.

“కళ్ళకు శుక్లాలు వచ్చాయని రాయప్పకే చెప్పేస్తే పోయేది కదండీ,” అంది కామేశ్వరి బట్టలు సర్దుతూ.

“కన్ను మాటెత్తితే భయపడి గంపలగూడెం దాకా పరిగెడతాడే. వాచీ కోసమైతే ఎక్కడికైనా వస్తాడు.”

బెజవాడలో కంటి డాక్టరు అసలు సంగతి చెప్పగానే రాయప్ప నిజంగానే లేచాడు. కాని వాచీ పద్మనాభంగారి జేబులో ఉంది. దాన్ని వదిలి పోలేక మళ్ళీ కూర్చున్నాడు. ఆపరేషనుకు సరేనన్నాడు.

కట్లు విప్పేనాటికి పద్మనాభంగారు ఒక్కో నెంబరే పైకెక్కుతూ, ప్రతి కాగితాన్నీ బుగ్గ మీద చూసుకుంటూ, అద్దాన్ని మళ్ళీ మంచినీళ్ళు చేశారు. ఆ ఆదివారం గంట సరిగ్గా వేళకు మోగింది. కామేశ్వరికి ఆ మొగుణ్ణి చూస్తే ఎన్నడూ లేనంత ముద్దొచ్చింది.

పూజ కాగానే రాయప్ప కొత్త కళ్ళజోడుతో వచ్చి, ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“అద్దం బాగుందండి. మీ బుగ్గ మీద ఇన్ని గీతలేంటండీ?”

కామేశ్వరి పళ్లపొడి డబ్బా తెచ్చి రాయప్ప చేతిలో పెట్టింది.