రాక్షసుడి దగ్గుకి ఇరవై పాచికలు

ఆమె మందుల షాపులో చేరి ఇరవై రెండేళ్లు. కోడి కెలికినట్టున్న తమ రాత తమకే అర్థం కాకపోతే డాక్టర్లు ఆమెకే ఫోన్ చేస్తారు. బస్సులో పక్కసీటు మనిషి తుమ్మినా "ఎన్నాళ్లుగా?" అని అడిగే రకం.

ఒక ఆదివారం మధ్యాహ్నం చెల్లెలు బతిమాలి తమ ఇంట్లో ఆటకి కూర్చోబెట్టింది. బల్ల మీద చేత్తో గీసిన గుహ పటం. కథ నడిపేది చెల్లెలి భర్త. చెల్లెలు కత్తి పట్టిన వీరురాలు. అక్కకి వైద్యురాలి వేషం. పాచికలు మాత్రం ఫోన్లో ఉన్నాయి. ఏవి ఎన్ని కావాలో టైప్ చేస్తే అదే దొర్లించి మొత్తం చెబుతుంది.

మరిది చీటీ మీద 2d6+3 అని రాసిచ్చాడు. ఆమె కళ్లజోడు సర్దుకుంది.

"డి విటమిను రెండు, ఆరు వారాలు. ప్లస్ మూడేంటి? తిన్నాకా, తినకముందా?"

"మందు కాదు వదినగారూ! ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, వచ్చినదానికి మూడు కలపాలి. గాయపడ్డవాళ్లకి మీ వల్ల అంత బలం వస్తుంది."

"అలా చెప్పొచ్చుగా!"

అంతలో, మూడు ఆదివారాలుగా చెల్లెలి కత్తిపోట్లు తిని గుహలో నక్కిన రాక్షసుడు బయటికొచ్చాడు. మరిది గొంతు బొంగురు చేసి "ఖర్ర్ర్!" అన్నాడు.

"పొడిదగ్గా, కఫం పడుతోందా?" అందామె.

"అది గర్జన, వదినగారూ."

"నాకు చెప్పకండి. దగ్గే."

ఫోన్ లాక్కుని 20d6+3 అని కొట్టింది.

"రెండే వేయాలండీ!"

"కొండంత మనిషికి చెంచాడు పోస్తే ఏ మూలకి?"

చీటీ లేకుండా మందు అడిగినవాళ్లని చూసే చూపొకటి చూసింది. మొత్తం డెబ్బై ఆరు వచ్చింది. చావు అంచున ఉన్న రాక్షసుడు నిక్షేపంలా లేచి ఒళ్లు విరుచుకున్నాడు.

"అక్కా! నువ్వసలు ఎవరి వైపే?"

"జబ్బు వైపు మాత్రం కాదు."

ఇక రాక్షసుడు ఏం చేస్తాడో తేలాలి. మరిది 1d20 కొట్టాడు, అంటే ఇరవై ముఖాల పాచిక ఒకటి. పది దాటితే దండం, లేకపోతే వైద్యురాలే పలహారం. చెల్లెలు కళ్లు మూసుకుంది. పంతొమ్మిది పడింది. రాక్షసుడు వెక్కి వెక్కి ఏడ్చి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

ఇప్పుడు ఆ గుహ ముందు, వైద్యం కోసం వరసలో ఏడుగురు రాక్షసులున్నారు. ఎనిమిదోవాడికి ఏ రోగం పెట్టాలా అని మరిది తెలిసిన డాక్టర్‌కి ఫోన్ చేశాడు. ఆయన మూడు జబ్బులు చెప్పి, తనకీ ఆటలో ఒక కుర్చీ వేయమన్నాడు.