ఆరో గడిలో మామ

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. తిరుపతిలో ఊరంతా భయపడే ఇంట్లో మూడేళ్ళు అద్దెకున్నాను. అక్కడ నన్ను పీడించింది ఇంటి ఓనరు ఒక్కడే. అలాంటి నేను ఈ సంగతి రాస్తున్నానంటే, దాచుకోలేకే.

డెబ్భైల చివర్లో సినిమా బ్యానర్లు రాసేవాణ్ణి. వారమంతా హీరోల మీసాలు బారెడేసి దిద్ది, ఆదివారం రంగులు తీసుకుని శేషాచలం కోనల్లోకి పారిపోయేవాణ్ణి. ఆరుబయట కూర్చుని కొండను చూస్తూ బొమ్మ వేయడంలో ఉన్న సుఖం నాకు పెళ్ళిలో కూడా దొరకలేదు. మా ఆవిడ ఇది చదవదనే ధైర్యం.

మా ఇంట్లో ఒక పాత గాయముండేది. మా మేనత్త భర్త కొండతేనె తీసేవాడు. కొండ అంచు నుంచి తాడుతో దిగే మనిషి, పైన తాడు పట్టడానికి సొంత తమ్ముణ్ణి నమ్మడు, భార్య తమ్ముణ్ణే నమ్ముతాడు. అక్క తాళి కోసమైనా వాడు వదలడని. అలా పట్టినవాడు మా నాయన. ఒకనాడు ఉన్నట్టుండి తాడు తేలికైంది. ఆ అదురుకు తాడు కూడా ఆయన చేతుల్లోంచి జారిపోయింది. మామ శవమైనా దొరకలేదు.

ముందు బరువు పోయిందా, ముందు చెయ్యి వదిలిందా? అది నాయనకే తెలియదు. అత్త మాత్రం తమ్ముడే వదిలాడని తేల్చేసి, ముప్పై ఏళ్ళు ఆయనతో మాట్లాడలేదు. మామ పోయింది నేను పుట్టకముందు. అది ఏ కోనో కూడా నాకెవరూ చెప్పలేదు.

ఆ ఆదివారం మామండూరు దాటి కొత్త కోన ఒకటి పట్టుకున్నాను. గోడలెంత ఎత్తంటే, పైన రాలిన పచ్చి ఆకు కింద పడేలోపు ఎండిపోతుంది. ఎర్రరాతి మీద ఎండ చిక్కగా, మెల్లగా జారుతోంది. ఎక్కడో తేనెటీగల రొద. మేలుకునే ఉన్నానో నిద్రపోయానో తెలియని మధ్యాహ్నం.

బ్యానర్లవాళ్ళం ఫొటో మీద గళ్ళు గీసి, ఒక్కో గడినే పెంచి రాస్తాం. మొత్తం బొమ్మ చివరిదాకా చూడం. కోనకూ అదే పద్ధతి పెట్టాను. దారాలు కట్టిన చట్రం ముందు నిలిపి, గడి తర్వాత గడి, కనబడిన రంగు కనబడినట్టు దింపాను. అయ్యాక పదడుగులు వెనక్కి వెళ్ళి చూద్దును కదా, ఆరో గడిలో, కొండచరియ మీద ఒక మనిషి కూర్చున్నాడు! పైనుంచి వేలాడే తాడు కొస నడుం నుంచి విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. తలెత్తి చూశాను. కొండ మీద మనిషీ లేడు, కూర్చునే చోటూ లేదు.

ఇంట్లో బొమ్మ చూసిన నాయన గోడకు ఆనుకున్నాడు. "ఆ కోనకు నిన్నెవురు పొమ్మన్నార్రా?" అన్నాడు. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని వడమాలపేట బస్సెక్కాడు.

అత్త గుమ్మంలోనే నిలబడింది. "వచ్చినాయన ఎందుకొచ్చినాడో అడగరా," అంది నాతో. నాయన మూడడుగుల దూరంలో ఉన్నాడు.

"ఒగటి సూపించేదానికని సెప్పరా," అన్నాడు నాయన, అదీ నాతోనే.

అత్త బొమ్మను వెలుతురుకు పట్టుకుంది.

"మోకాలి మింద గెడ్డం పెట్టుకోని కూసునేది ఆయప్పే. తాడు ఇప్పేసి, యేళ్ళకంటిన తేనె నాకతా ఉండాడు సూడు! తిండిపోతు! పైకొచ్చేదాకా ఇప్పొద్దని ఎన్నితూర్లు సెప్పినాను!" ఆ తిట్లకు రేణిగుంటలో రైళ్ళు ఆగి ఉంటాయి. తిట్లన్నీ అయ్యాక నాయన వైపు తిరిగింది.

"నువ్వు వదల్లేదు గదరా, తమ్ముడా."

"తెలీదక్కా."

"నాకు తెలిసిందిలే. ఎండలో నిలబడొద్దు. లోపలికి రా."

తర్వాత అదే చోట, అదే చట్రం పెట్టి పదహారుసార్లు వేశాను. ఆరో గడిలో ఉత్త రాయే వచ్చింది. నాకిప్పటికీ అర్థం కాలేదు. చిన్నప్పుడెవరో చెప్పుకుంటుంటే విన్నానేమో అనుకుందామంటే, మామ తాడు విప్పడం చూసినవాళ్ళెవరూ లేరు. తెలిసినవాడు ఒక్కడే. ఆయన బొమ్మలో ఉన్నాడు.